చిన్నప్పుడు చూసిన బండ కోసం ఒక్క సాయంత్రం మాతో రండి: పురావస్తు పరిశోధకులకు, అధికారులకు బహిరంగ లేఖ

రాతి చెక్కడాల మీద పరిశోధన చేసేవారికి, పురావస్తు సర్వేలు చేసేవారికి, వాటిని కాపాడే బాధ్యత ఉన్న అధికారులకు నమస్కారం.

మీ పని మీద నాకు గౌరవం ఉంది. ఎండలో బండబండా తిరిగి, చెరిగిపోతున్న గీతల్ని కొలిచి, లోకానికి చూపించింది మీలాంటివాళ్లే. చిన్నప్పుడు గుట్ట మీద చూసిన బొమ్మల బండను వెతికిపెట్టమని, ఈ మాట అందరి ముందు పెట్టే ముందు, నేను మీకు మూడుసార్లు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి ఫోటోలు, జీపీఎస్ వివరాలు పంపమన్నారు. చోటు తెలియకే కదా వెతికిపెట్టమని అడుగుతున్నది! మూడోదానికి వచ్చిన జవాబు ఒకే వాక్యం: ఆ ప్రాంతంలో అలాంటివేవీ మా జాబితాలో నమోదు కాలేదు. అక్కడితో ఫైలు మూసేశారు.

నేను చూసింది ముందు చెప్తాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అన్నయ్యకు పన్నెండు. గుట్ట మీద వెడల్పాటి పరుపుబండ ఒకటి ఉండేది. ఎన్నోసార్లు దాని మీద జారి ఆడుకున్నాం, ఏనాడూ అక్కడ ఏమీ కనిపించలేదు. ఒకరోజు వాన వెలిశాక, పొద్దుగుంకే ముందు పైకి ఎక్కాం. బండంతా తడిగా ఉంది. ఎండ పక్కనుంచి పడుతోంది. పల్చటి గాడుల్లో నీళ్లు నిలిచి, ఒక అంచు వెలుగూ ఒక అంచు నీడా అయ్యేసరికి ఉన్నట్టుండి బొమ్మలు కనబడ్డాయి. పొడుగు కొమ్ముల పశువు ఒకటి. దాని కొమ్ములు వీపు మీదుగా వంపు తిరిగి తోక దాకా వచ్చాయి. పక్కన ఒకదానిలో ఒకటిగా మూడు వలయాలు, నడిమధ్య బొటనవేలు పట్టేంత గుంట. కొంచెం పైన చేతులు పట్టుకుని నిలబడ్డ మనుషుల వరస.

వెలుపలి వలయంలో చూపుడువేలు పెట్టి చుట్టూ తిప్పాను. గాడి అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. అడుగు మాత్రం గరుకుగా, పక్కపక్కనే పడిన చిన్న చిన్న దెబ్బల ఆనవాళ్లతో ఉంది. గట్టి రాతితో పదేపదే పొడిచి చేసిన గాడి అలాగే ఉంటుందని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఈ వివరం కల్పించలేడని నా నమ్మకం.

అన్నయ్యకు గుర్తున్నది కొంచెం వేరు. మీకు రాసే ముందు ఇద్దరం వేర్వేరు గదుల్లో కూర్చుని కాగితం మీద గీశాం. వలయాలు ఇద్దరం మూడే గీశాం, మధ్య గుంటతో సహా. అన్నయ్య రెండు పశువులు గీశాడు, మనుషుల వరస గీయలేదు. తన బొమ్మలో బండ పడమటికి వాలి ఉంది, నా బొమ్మలో ఏ దిక్కూ లేదు. ఈ తేడాలేవీ దాచకుండా రెండు కాగితాలూ మీకే పంపాను. సాక్షులిద్దరు ఒకేలా చెప్పకపోవడం మామూలు విషయం. కానీ ఇద్దరం కలిసి అల్లిన కథ అయితే ఇలా ఉండదు కదా.

గడిచిన ఆరేళ్లలో ఆ బండ కోసం ఐదుసార్లు వెళ్లాను. పాత కాలిబాట లేదు. ముళ్లపొదలు మనిషెత్తు పెరిగాయి. బండల మీద బూడిదరంగు నాచు పట్టింది. గుట్టకు రెండు వైపులా క్వారీ తినేసింది. మొదటి రెండుసార్లు మిట్టమధ్యాహ్నం తిరిగాను. ఆ వేళ నెత్తిమీది ఎండకు పల్చటి గాడిలో నీడే పడదని, పక్కనే నిలబడినా కనిపించదని అప్పుడు తెలియదు. ఐదోసారి క్వారీ అంచున పగిలిన రాళ్ల కుప్పలో జానెడు పొడవున్న వంపు గాడి ఒకటి కనిపించింది. రాయి పగిలిన చోట అది తెగిపోయింది. దానికి బెత్తెడు దూరంలో డ్రిల్లు వేసిన రంధ్రం, నిలువుగా, ఇంకా తెల్లగా ఉంది. ఆ గాడి మా వలయంలోదే అని నేను ఒట్టేసి చెప్పలేను. దాని ఫోటో విడిగా పంపితే "సహజంగా ఏర్పడినది కావచ్చు" అన్నారు. నిజంగానే కావచ్చు. కానీ ఆ మాట ఎవరైనా వచ్చి, రాతిని వేలితో తడిమి చూసి చెప్పి ఉంటే నేను ఈ లేఖ రాసేవాణ్ణి కాదు.

పిల్లలు చూసిందాన్ని పెద్దలు నమ్మకపోవడం కొత్త కాదు. 1879లో స్పెయిన్‌లోని అల్తమీరా గుహలో సౌతోలా అనే ఔత్సాహిక పరిశోధకుడు నేల తవ్వి పనిముట్ల కోసం వెతుకుతుంటే, తల ఎత్తి పైకప్పు మీది అడవిదున్నల బొమ్మలు చూసింది ఆయన ఎనిమిదేళ్ల కూతురు మరియా. పండితులు ఒప్పుకోలేదు, దొంగ బొమ్మలన్నారు. సౌతోలా 1888లో ఆ మచ్చతోనే చనిపోయారు. ఆయన్ని ఎక్కువగా వ్యతిరేకించినవారిలో ఒకరైన ఫ్రెంచ్ పండితుడు కార్తయాక్ తన పొరపాటును అచ్చులో ఒప్పుకున్నది 1902లో. ఇంగ్లండ్‌లోని చార్న్‌వుడ్ అడవిలో 1956లో పదిహేనేళ్ల టీనా నెగస్ బండ మీద ఆకులాంటి ముద్ర చూసి టీచర్‌కి చెప్పింది. అంత పాత రాళ్లలో శిలాజాలు ఉండవని ఆ టీచర్ కొట్టిపారేశారు. మరుసటి ఏడు రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడు దాన్నే చూశాడు. అతని మాట ఒక భూగర్భ శాస్త్రవేత్త దాకా వెళ్లింది కాబట్టి 1958లో ఆ జీవికి మేసన్ పేరు మీదుగా శాస్త్రీయ నామం పెట్టారు. అది మనిషి చెక్కినది కాదు, శిలాజం. నేను చెప్పేది అదే: వెళ్లి చూశారు కాబట్టే అది ఏమిటో తేలింది.

ఇక జాబితా సంగతి. బళ్లారి దగ్గర కుప్‌గల్ కొండ మీది చెక్కడాలు 1892లోనే పరిశోధకుల దృష్టికి వచ్చాయి. అచ్చులోకి ఎక్కిన చోటు అది. అయినా తర్వాత వెతుక్కుంటూ వెళ్లినవారికి సులువుగా దొరకలేదు, తొలినాటి ఫోటోలు వెలిసిపోయాయి. మళ్లీ వివరంగా నమోదు చేసింది 2002 తర్వాతే. అప్పటికే క్వారీ పనులు ఆ కొండను తింటున్నాయి. నమోదైన చోటే ఇలా చేజారిపోతుంటే, నమోదు కాని చోటు లేనే లేదని ఎలా అంటారు?

అడిగితే ఏం దొరుకుతుందో మహారాష్ట్ర తీరంలోని కొంకణ్ చూపించింది. రత్నగిరి చుట్టుపక్కల ఎర్రరాతి మైదానాల్లో నేల మీదే చెక్కిన ఏనుగులు, చేపలు, మనుషులు ఉన్నాయి. వాటి కోసం తిరిగిన ఔత్సాహికులు ఊళ్లలో పెద్దల్ని అడిగారు, బడుల్లో పిల్లలకు చెప్పి ఇంట్లో అవ్వతాతల్ని అడిగి రమ్మన్నారు. మొదట కొద్ది చోట్లే తెలిసిన ఆ బొమ్మలు వందల్లోకి పెరిగాయి. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. గోవాలో కుశావతి నది ఒడ్డున ఉస్గాళిమళ్ చెక్కడాలు 1993లో పరిశోధకులకు తెలిసింది కూడా ఊరివాళ్లు చెప్పడం వల్లే. ఆ ఊళ్లలో అడిగింది కూడా జ్ఞాపకాల్నే, జీపీఎస్ వివరాల్ని కాదు.

ఎవరూ రాకపోవడం వల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో, మీ నుంచి నేను కోరేదేమిటో వరుసగా రాస్తున్నాను.

1. గుర్తున్నవాళ్లు వెళ్లిపోతున్నారు. ఆ గుట్ట మీద పశువులు కాసిన ఇద్దరు ముసలివాళ్లు బొమ్మల బండ తమకూ తెలుసన్నారు. ఒకాయన చేత్తో గాలిలో వలయాలు గీసి చూపించారు, నేను ఎన్నని అడగకముందే మూడు గీశారు. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు. రెండో ఆయనకు ఇప్పుడు మెట్టు ఎక్కడమే కష్టం. మీరు ఒక దరఖాస్తు మీద మూడేళ్లు కూర్చుంటే ఆలస్యమయ్యేది కాగితం ఒక్కటే కాదు, దారి చూపే మనిషే లేకుండా పోతున్నాడు.

2. భూమి ఉన్నవాళ్లు భయపడుతున్నారు. తమ చెలకలో ఏదైనా బయటపడితే భూమి పోతుందని, పనులు ఆపేస్తారని వాళ్లకు టెన్షన్. అందుకే చూసినా నోరు విప్పరు. కొందరు మట్టి కప్పేస్తారు, ఇంకొందరు పగలగొట్టేస్తారు. వాళ్లని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. చెప్తే ఏమవుతుందో, ఏం కాదో మీలో ఎవరూ వచ్చి వాళ్లకు చెప్పలేదు.

3. బండను అందరికన్నా ముందు దగ్గరగా చూసేది క్వారీ కూలీ. డ్రిల్లు పెట్టే ముందు రాతిని తడిమి, పొర ఎటు పోతుందో చూస్తాడు. గీతలు కనిపిస్తే ఎవరికి చెప్పాలో అతనికి తెలియదు. చెప్పి పని ఆగితే ఆరోజు కూలి పోతుంది. ఆ నష్టం అతని మీద పడకుండా చూసే ఏర్పాటు లేనంతకాలం అతను ఎందుకు చెప్పాలి?

4. దారి చెప్పేవాళ్లు లేక నాలాంటివాళ్లు మంచి చేద్దామనుకుని చెడగొడుతున్నారు. ఇది నా మీద నేను చెప్పుకుంటున్న తప్పు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక బండ మీది నాచును చాకుతో గీకాను. నాచు సన్నటి పోగులు రాతి పైపొరలోకి దిగి ఉంటాయని, గీకితే ఆ పొర కూడా రాలుతుందని తర్వాత తెలిసింది. గీకిన చోట తెల్లటి చారలు ఇప్పటికీ ఉన్నాయి. బొమ్మ బాగా కనపడాలని సుద్దతో గీతలు దిద్దేవాళ్లున్నారు, వైరు బ్రష్షుతో తోమేవాళ్లున్నారు. నార్వేలో 2016లో ఇద్దరు కుర్రాళ్లు సుమారు 5,000 ఏళ్లనాటి స్కీయింగ్ మనిషి బొమ్మ స్పష్టంగా కనపడాలని దాని గీతల మీదే గీశారు. 1994 శీతాకాల ఒలింపిక్స్ గుర్తుకు స్ఫూర్తి అయిన బొమ్మ అది. పాత గీత ఇక తిరిగి రాదు. ముట్టుకోకండి, గీకకండి, ఇలా ఫోటో తీయండి అని సాదా మాటల్లో రాసిన ఒక్క కాగితం నా మొదటి ఉత్తరానికి జవాబుగా వచ్చినా నేను ఆ చాకు తీసేవాణ్ణి కాదు.

ఇక నేను కోరేవి.

5. జ్ఞాపకాన్ని సమాచారంగా నమోదు చేసుకోండి. ఫోటో లేదని, అక్షాంశ రేఖాంశాలు లేవని దరఖాస్తును తిప్పి పంపకండి. చూసినప్పుడు మనిషి వయసెంత, ఏ కాలం, ఏ పూట, బండ తడిగా ఉందా పొడిగా ఉందా, అక్కడికి ఎందుకు వెళ్లారు, ఎక్కడి నుంచి ఎంతసేపు నడిచారు, బండ మీద నిలబడితే ఏం కనిపించేది అని అడగండి. గుర్తున్నది గీయించుకోండి. ఇద్దరు చూసి ఉంటే విడివిడిగా గీయించండి. చిన్నపిల్లల కళ్లకు దూరాలు, సైజులు పెద్దగా అనిపిస్తాయి కాబట్టి ఆ లెక్కల్ని తగ్గించుకుని చూడండి. కానీ వేలికి తగిలిన గాడి ఎలా ఉందో చెప్పే మాటను తేలిగ్గా తీసుకోకండి. ప్రతి దరఖాస్తుకు ఒక నంబరు ఇచ్చి, ఫలానా తేదీలోగా రాతపూర్వకంగా జవాబు చెప్పండి.

6. చూసినవాళ్లను వెంట తీసుకుని, సరైన వెలుగులో ఒక్కసారి రండి. ఈ లేఖలో అన్నిటికన్నా ముఖ్యమైన కోరిక ఇదే. ఉదయం తొలి గంట, సాయంత్రం చివరి గంట, లేదంటే చీకటి పడ్డాక టార్చిని నేలబారుగా పట్టుకుని చూడటం మీకు కొత్త కాదు. స్కాట్లండ్‌లోని కిల్‌మార్టిన్ లోయలో డన్‌క్రైగేగ్ సమాధి 19వ శతాబ్దంలోనే తవ్వి చూసినది, ఏళ్ల తరబడి జనం వచ్చి పోతున్నది. దాని కప్పురాతి అడుగున దుప్పుల బొమ్మలున్నాయని లోకానికి తెలిసింది 2021లో, పొద్దు వాలాక ఒకాయన టార్చి పట్టుకుని లోపలికి దూరి చూడబట్టి. స్కాట్లండ్‌లో అంత పాత జంతువుల చెక్కడాలు దొరకడం అదే మొదలు. కెమెరాను ఒకేచోట నిలిపి, దీపాన్ని చుట్టూ జరుపుతూ పదుల కొద్దీ ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపే పద్ధతి మీ దగ్గర ఉంది. కంటికి ఆనని గాడి కూడా అందులో తేలుతుంది. మా పరుపుబండ ముక్కలై ఉంటే ఆ ముక్కల మీదైనా ఇది చేయవచ్చు.

7. "నమోదు కాలేదు" అన్న మాటను "లేవు" అనే అర్థంలో వాడకండి. బండ పగలగొట్టడానికి, చెరువు తవ్వడానికి, రోడ్డు వేయడానికి అనుమతి ఇచ్చే ముందు జాబితా ఒక్కటే చూడకుండా, ఆ చోట తిరిగిన మనుషుల్ని అడగాలి. దాన్ని రికార్డు చేయాలి. పోర్చుగల్‌లో కోవా లోయ చెక్కడాల సంగతి 1994 చివర్లో బయటికి వచ్చేనాటికి అక్కడ డ్యామ్ పని సాగుతోంది. బడిపిల్లలు, ఊరివాళ్లు కూడా గొంతెత్తారు. 1995లో పని ఆపారు, 1998లో ఆ లోయ ప్రపంచ వారసత్వ స్థలమైంది. కొరియాలో ఇలా జరగలేదు. సాయన్ డ్యామ్ 1965లో కట్టాక, 1971లో బంగుడే బండ మీద తిమింగలాల బొమ్మలు బయటపడ్డాయి. అప్పటి నుంచి ఆ బండ ఏటా నీళ్లలో మునుగుతూ తేలుతూ వచ్చింది. 2025లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినా, ఆ నీటి సమస్య గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. కట్టే ముందే అడిగి ఉంటే ఎంత బాగుండేది!

8. పాత కాగితాలు చూడనివ్వండి. సర్వే నోట్సు, గాజు పలకల మీది ఫోటోలు, పాత విమాన చిత్రాలు మీ బీరువాల్లో ఉంటే స్కాన్ చేసి అడిగినవాళ్లకు చూపించండి. క్వారీ పడకముందు ఆ గుట్ట ఎలా ఉండేదో తెలిస్తే, మా కాలిబాట ఎటు పోయేదో నేనూ అన్నయ్యా వేలు పెట్టి చూపించగలం.

9. చోటు దొరికితే దాన్ని దండోరా వేయకండి. కాలిఫోర్నియాలో బిషప్ ఊరి దగ్గర 2012లో దొంగలు రంపాలతో బండ ముఖాలే కోసుకుపోయారు. తర్వాత అవి దొరికాయి కానీ బండకు తిరిగి అతకవు. సరైన చోటు మీ దగ్గర, భూమి యజమాని దగ్గర, రోజూ కంటికి కాపలా కాయగల ఇద్దరు ముగ్గురు స్థానికుల దగ్గర ఉంటే చాలు. నేను కూడా అందుకే ఈ లేఖలో గుట్ట పేరు, ఊరి పేరు రాయలేదు.

10. మనిషి చేసినవి కాకపోతే ఆ మాటే చెప్పండి. నీళ్లకు అరిగిన గుంటలు, రాతి లోపలి ఖనిజం వేసిన వలయాలు, నాగలి గీతలు ఎన్నోసార్లు మనుషుల్ని పొరపాటు పడేలా చేశాయని చదివాను. మేమూ అలా పొరపడి ఉండవచ్చు. అప్పుడు ఎందుకు కాదో ఆ బండ దగ్గరే నిలబడి మాకు చూపించండి. మేం వింటాం.

నెల రోజుల్లో తేదీ ఇవ్వాలని కోరుతున్నాను. ఖర్చు మీ మీద వేయడం లేదు, మనుషుల్ని కూడగట్టే పని నాది. పొదలు నరికి దారి చేయడానికి నలుగురు ఒప్పుకున్నారు, వాళ్లు బండల మీద చెయ్యి వేయరు. క్వారీ యజమానిని కలిసి, ఆ పగిలిన రాళ్ల కుప్పను అప్పటిదాకా కదపకుండా ఉంచమని రాతపూర్వకంగా కోరాను. ఆయన సరేనన్నారు కానీ వానలు మొదలయ్యేలోగా తేల్చుకొమ్మన్నారు. మీరు పెట్టుబడి పెట్టాల్సింది ఒక సాయంత్రం, ఒక టార్చి.

అన్నయ్యకు మోకాళ్ల నొప్పులు, అయినా వస్తానన్నాడు. బండ పడమటికి వాలి ఉండేదని ఇప్పటికీ గట్టిగా అంటున్నాడు. అది నిజమైతే పొద్దుగుంకడానికి గంట ముందే మనం పైన ఉండాలి.

ఇట్లు,
ఆ బండ మీద ఆడుకున్న ఇద్దరిలో చిన్నవాడు